ఐదువందల నోటు అసలుదో దొంగదో కౌంటర్ దగ్గరే తేల్చడం ఎలా?

గల్లాపెట్టె (ప్రశ్న)

నమస్తే అండీ. హోల్‌సేల్ కౌంటర్‌లో క్యాష్ తీసుకునే కుర్రాళ్లకు నోట్లు చూడటం నేర్పించాలి. వచ్చేవాటిలో ఎక్కువ ఐదువందలే, ఆ తర్వాత రెండొందలు, వందలు. రద్దీ వేళ ఒక్కో నోటుకు ఐదారు సెకన్లకు మించి పెట్టలేరు. రిజర్వ్ బ్యాంకు చార్టు చూస్తే ఒక్క ఐదువందల నోటుకే పదిహేను పైచిలుకు గుర్తులున్నాయి. అన్నీ చూస్తూ కూర్చుంటే లైను కదలదు.

నా సందేహాలు ఇవి:

ముందు ఏ గుర్తులు చూడాలి, ఏ వరసలో చూడాలి?

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఊదారంగు టార్చి వేస్తే కొన్ని నోట్లు ట్యూబ్‌లైటులా వెలుగుతున్నాయి. చేత్తో పట్టుకుంటే మాత్రం ఏ తేడా లేదు. వాటిని తీసుకోవచ్చా?

ఆకుపచ్చ గీత గవర్నర్ సంతకం పక్కన ఉంటేనే అసలుదనీ, నంబరులో నక్షత్రం గుర్తుంటే దొంగనోటనీ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఎంతవరకు నిజం?

తీసేసుకున్నాక దొంగదని తేలితే ఏం చేయాలి? బ్యాంకులో కడితే మన మీదే కేసు పెడతారా?

కాగితం_పిచ్చి

గల్లాపెట్టె గారూ, ఆ గుర్తులన్నిటినీ ఒకే గాటన కట్టకండి. వాటర్‌మార్కు, దారం (నోటులో నిలువుగా కనిపించే ఆ ఆకుపచ్చ గీతే) లాంటివి కాగితం తయారవుతున్నప్పుడే దాని లోపల పడతాయి. ఉబ్బెత్తు అచ్చు, రంగు మారే అంకె లాంటివి తయారైన కాగితం మీద ప్రత్యేకమైన మిషన్‌తో, ప్రత్యేకమైన సిరాతో వేస్తారు. ఇక మిగిలినవి రంగు, బొమ్మలు, డిజైను. వీటిని మంచి స్కానరూ ప్రింటరూ ఉన్న ఎవడైనా దించేస్తాడు. మొదటి చూపులో దొంగనోటు బాగున్నట్టు కనిపించేది ఈ మూడో రకం వల్లే. మనవాళ్లలో చాలామంది చూసేది కూడా దాన్నే. కుర్రాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట: బొమ్మను చూడొద్దు.

చేయాల్సిన పని మూడు ముక్కల్లో: తడమాలి, వాల్చాలి, వెలుతురుకు ఎత్తాలి. ఈ వరసే ఎందుకంటే తడమడానికి వేరే టైం అక్కర్లేదు, నోటు చేతిలోకి వస్తూనే అయిపోతుంది.

తడమడం: ఐదువందల నోటు ముందువైపు ఎడమ అంచునా కుడి అంచునా ఐదేసి ఏటవాలు గీతలుంటాయి. కుడివైపు ఒక వృత్తం గుర్తు ఉంటుంది. ఇవీ, గాంధీ బొమ్మా, అశోక స్తంభం బొమ్మా ఉబ్బెత్తుగా అచ్చవుతాయి. చూపు లేనివాళ్లు నోటును గుర్తుపట్టడానికి పెట్టినవే అయినా కౌంటర్‌లో మనకు పనికొచ్చేది వీటిలో ఆ అంచు గీతలే. బొటనవేలి గోటిని గీతలకు అడ్డంగా, మరీ నొక్కకుండా లాగితే గరగరమని తగలాలి. దీనికి కారణం అచ్చువేసే పద్ధతి. లోహపు పలకలో చెక్కిన గాళ్లలో సిరా నింపి, కాగితాన్ని విపరీతమైన ఒత్తిడితో ఆ గాళ్లలోకి నొక్కుతారు. సిరా కాగితం మీద ఎత్తుగా నిలబడిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటర్ సిరా కాగితంలోకి ఇంకుతుందే తప్ప పైకి లేవదు.

దొంగలు దీనికీ ఒక ఉపాయం పన్నారు. అచ్చయిన నోటును వెనకనుంచి మొనదేలిన అచ్చుతో నొక్కి గీతలు పైకి లేపుతారు. దాన్ని పట్టుకోవాలంటే నోటు తిప్పి అదే చోట వేలు పెట్టండి. ఉబ్బినచోట వెనక అంతే లోతు గుంట ఉంటుంది. పైగా ఉబ్బిన గీతా, అచ్చయిన గీతా ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు, వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటాయి.

నోటు పత్తి కాగితం. కొత్తదైతే వేళ్ల మధ్య గట్టిగా, చిటపటలాడుతూ ఉంటుంది. మామూలు కాగితం అయితే మెత్తగా మడతపడిపోయి, మడత దగ్గర తెల్ల గీత తేలుతుంది. అయితే బాగా నలిగిన అసలు నోటు కూడా మెత్తబడుతుంది, ఉబ్బెత్తూ అరిగిపోతుంది. కాబట్టి తడిమితే అనుమానం మాత్రమే పుట్టాలి. తీర్పు చెప్పే పని తర్వాతి రెండింటిది.

వాల్చడం: ముందువైపు కుడి మూల కింద ₹500 అని పెద్ద అంకె ఉంటుంది. ఎదురుగా చూస్తే ఆకుపచ్చ, నోటును ముందుకో వెనక్కో వాలిస్తే నీలం. దారం కూడా అంతే, ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. దొంగనోట్ల మీద మెరుపు పొడి కలిపిన ఆకుపచ్చ సిరా వేస్తారు, లేదా ఆకుపచ్చ రేకు అంటిస్తారు. వాల్చినప్పుడు అది తళుక్కుమంటుంది, అక్కడే కుర్రాళ్లు బోల్తాపడతారు. మెరవడం వేరు, రంగు మారడం వేరు అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. నీలం కనిపించాలి. కనిపించకపోతే ఎంత మెరిసినా లెక్కలోకి రాదు.

వెలుతురుకు ఎత్తడం: కుడివైపు ఖాళీ జాగాలో గాంధీ వాటర్‌మార్కు, దాని పక్కన 500 అంకె కనబడాలి. బొమ్మలో నీడలు మెల్లగా, ముదురు నుంచి లేతకు జారినట్టుంటాయి. ఎందుకంటే అది కాగితం మందంలో తేడా, సిరా కాదు. అంకె మాత్రం బొమ్మకంటే తెల్లగా, అంచులు తేరి కనిపిస్తుంది. నకిలీలో అంత తెల్లని అంకె తెప్పించడం కష్టం, చాలావాటిలో బొమ్మ ఉండి అంకె మసగ్గా ఉంటుంది, లేదా అసలుండదు. నోటును బల్లమీద పడేసినా గాంధీ నీడ స్పష్టంగా కనిపిస్తోందంటే అది లేత బూడిద సిరాతోనో నూనె పదార్థంతోనో వేసిన ముద్ర అని అనుమానించాలి.

అదే చూపులో దారం కూడా చూసేయండి. ముందువైపు అది ముక్కలు ముక్కలుగా పైకి తేలి, మధ్యమధ్య కాగితంలో మునుగుతుంది. వెలుతురులో మాత్రం పైనుంచి కిందిదాకా తెగని గీతలా రావాలి. దానిమీద హిందీలో భారత్ అనీ, ఆర్‌బీఐ అనీ అక్షరాలుంటాయి. పైన అంటించిన రేకు అయితే గోటితో అంచు గీరితే లేస్తుంది. గట్టిగా గీరకండి, అసలు నోటు పాడవుతుంది.

తీర్పు ఎలా చెప్పాలంటే, ఒక్క గుర్తు తేడాగా ఉంటే మిగతావి చూడాలి. కాగితం లోపలి గుర్తు ఒకటి, కాగితం మీది గుర్తు ఒకటి, రెండూ తప్పితే ఆ నోటు తీసుకోకూడదు.

భూతద్దం

పైన చెప్పింది కౌంటర్‌కు సరిపోతుంది. అనుమానపు నోటును పక్కన పెట్టాక తీరుబడిగా తేల్చుకోవడానికి పదిరెట్ల భూతద్దం ఒకటి గల్లాలో ఉంచండి. రత్నాలు, గడియారాలు చూసేవాళ్లు వాడే చిన్న మడత అద్దం చాలు.

దానితో చూడాల్సింది ఏమిటంటే, అసలు నోటులో నేపథ్యం సన్నని గీతలతో అల్లి ఉంటుంది. ఒక్కో గీతా ఒకే రంగు, దాని అంచు తెగినట్టు స్పష్టంగా ఉంటుంది. ప్రింటర్ నోటులో గీత అని మీరనుకున్నది నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కల గుంపు. బూడిదరంగు నేపథ్యంలో గులాబీ, పసుపు చుక్కలు చిందినట్టు కనిపిస్తే ఇక మిగతావి చూడక్కర్లేదు. లేజర్ ప్రింటర్‌తో తీసిందైతే చుక్కలకు బదులు పొడి గడ్డకట్టినట్టుంటుంది, మడత దగ్గర పొరలుగా ఊడిపోతుంది.

తర్వాత సూక్ష్మాక్షరాలు. ఐదువందల నోటు ముందువైపు భారత్, ఇండియా అనే మాటలు కంటికి గీతలా కనిపించేంత చిన్నగా ఉంటాయి. అసలుదానిలో అద్దం పెట్టగానే చదవొస్తాయి, నకిలీలో ముద్దగా అలుక్కుపోతాయి.

తెలుగువాళ్లం కాబట్టి ఇంకో సులువు. నోటు వెనక భాషల పట్టీలో పదిహేను భాషలుంటాయి. అస్సామీతో మొదలై ఉర్దూతో ముగుస్తుంది, ఉర్దూకు సరిగ్గా పైన తెలుగు. అద్దంతో ఆ వరస చదవండి. మన అక్షరాల్లో తలకట్లు, దీర్ఘాలు, అక్షరాల లోపలి గుండ్రటి ఖాళీలు అచ్చు ఏమాత్రం మందమైనా పూడిపోతాయి. స్కాన్ చేసి తీసిన నోటులో ముందు చెడేది ఇక్కడే. రోజూ చదివే లిపి కాబట్టి తేడా ఇట్టే పట్టేస్తాం.

ముందూ వెనకా కలిసే అంకె గురించి కాగితం_పిచ్చి గారు చెప్పలేదు. ముందువైపు ఎడమ పక్కన 500 అంకె ముక్కలుగా ఉంటుంది, మిగతా ముక్కలు వెనకవైపు అదే చోట. వెలుతురుకు పెడితే రెండూ కలిసి నిండు అంకె అవుతుంది. రెండు వైపులా ఒకే విడతలో అచ్చయ్యే మిషన్ మీద వేస్తారు కాబట్టి అంత కచ్చితంగా కుదురుతుంది. ప్రింటర్‌లో ఒకవైపు తీసి, తిప్పి, రెండోవైపు తీసేవాడికి మిల్లీమీటరు అటో ఇటో జరగకుండా పట్టుకోవడం చాలా కష్టం. నాకైతే వాటర్‌మార్కు కంటే ఇదే నమ్మకమైన గుర్తు.

నంబర్లు కూడా చూడండి. పైన ఎడమవైపూ, కింద కుడివైపూ ఒకే నంబరు ఉండాలి. మొదటి మూడు అక్షరాలు ఒకే సైజు, తర్వాతి ఆరంకెలు ఎడమ నుంచి కుడికి క్రమంగా పెద్దవవుతాయి. నకిలీలో ఆ పెరుగుదల మెట్లుమెట్లుగానో, అంకెల మధ్య ఎడం ఎగుడుదిగుడుగానో ఉంటుంది. రెండు నంబర్లు వేరువేరుగా ఉంటే అది రెండు నోట్ల ముక్కలు అతికించినది. టేపు వేసిన నోటు వచ్చిందంటే మొదట చూడాల్సింది ఇదే. ఒకే మనిషి ఇచ్చిన కట్టలో రెండు నోట్లకు ఒకే నంబరుంటే ఇంకేమీ ఆలోచించకండి. ఒకే నోటును స్కాన్ చేసి వందలు తీసేవాడు నంబరు మార్చే ఓపిక చూపడు.

సైజు 150 మిల్లీమీటర్లు, 66 మిల్లీమీటర్లు. కొలబద్ద అక్కర్లేదు, అసలుదని తెలిసిన నోటు పక్కన పెట్టి అంచులు కలపండి.

వెలుగు_చీకటి

ఇంత శ్రమ ఎందుకండీ, ఊదారంగు లైటొకటి, అయోడిన్ పెన్ను ఒకటి కొంటే సరిపోదా? పెన్నుతో గీత గీస్తే దొంగ కాగితం మీద నల్లబడుతుంది అంటారు.

మిషన్_రిపేరు

సరిపోదండి. పెన్ను సంగతి ముందు చెప్తాను. అందులో ఉండేది అయోడిన్. మామూలు రాత కాగితం తయారీలో పిండిపదార్థం కలుపుతారు, అయోడిన్ తగలగానే అది నల్లబడుతుంది. అంటే పెన్ను చెప్పేది కాగితంలో పిండి ఉందా లేదా అన్నదే. పిండి లేని కాగితం వాడితే గీత నల్లబడదు, దొంగనోటు దర్జాగా పాసైపోతుంది. ఇంకో మోసం ఏమిటంటే, తక్కువ విలువ నోటు సిరా కడిగేసి పెద్ద నోటు అచ్చువేస్తే కాగితం నిజంగా నోటు కాగితమే కదా. పెన్ను ఏమీ పట్టలేదు. ఇటువైపు, గంజి అంటిన అసలు నోటు మీద అనవసరంగా నల్ల గీత పడుతుంది. కౌంటర్‌లో ఆ పెన్ను ఉంచకపోవడమే మేలు, కుర్రాళ్లు దాన్ని నమ్మి వేళ్లను వాడటం మానేస్తారు.

ఇప్పుడు గల్లాపెట్టె గారి టార్చి. నోటు కాగితానికి తెల్లదనం తెచ్చే రసాయనం కలపరు. అందుకని ఊదాతీత (యూవీ) కాంతి కింద కాగితం మసకగా, చీకటిగా ఉండాలి. నంబర్లు మాత్రం మెరుస్తాయి, కాగితంలో అక్కడక్కడా సన్నని పీచులు మెరుస్తాయి. మామూలు ప్రింటింగ్ కాగితంలో ఆ రసాయనం ఉంటుంది కాబట్టి నోటు మొత్తం నీలితెలుపుగా వెలుగుతుంది. సూత్రం ఇంతే, కానీ రెండు చోట్ల తప్పుతుంది.

ఒకటి టార్చి. చౌకగా దొరికేవి చాలావరకు 395 నానోమీటర్ల ఎల్‌ఈడీవి. వాటి నుంచి కంటికి కనిపించే ఊదా వెలుగే ఎక్కువ వస్తుంది. ఆ వెలుగు కాగితం మీద పడి తిరిగొస్తుంటే కాగితమే వెలుగుతోందని భ్రమపడతాం. నోట్లకు కావలసింది 365 నానోమీటర్లది, ముందు నల్లటి ఫిల్టరు ఉంటే ఇంకా మంచిది. మీ టార్చి ఏ రకమో తేల్చుకోవాలంటే అసలుదని ఖాయంగా తెలిసిన కొత్త నోటునూ, తెల్ల ప్రింటింగ్ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి వేయండి. రెంటికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపించాలి. లేకపోతే టార్చి మార్చండి. ఎండ పడే కౌంటర్ మీద ఏ టార్చీ పనిచేయదు, కింద ఒక అట్టపెట్టె పెట్టుకుని దానిలోపల చూడాలి.

రెండోది నోటు. జేబులో మరిచిపోయి బట్టలతో ఉతికేసిన అసలు నోటు బాగా వెలుగుతుంది. బట్టల సబ్బుపొడుల్లో తెల్లదనం కోసం వేసే రసాయనం కాగితానికి పట్టేస్తుంది మరి. మీరు చెప్పిన నోట్లు చేతికి బాగున్నాయంటే ఇవే అయ్యుండొచ్చు. వాటిలో వాటర్‌మార్కు, కలిసే అంకె, దారం రంగు చూడండి. ఆ మూడూ సరిగ్గా ఉంటే నోటు మంచిదే. కాగితం వెలిగి నంబర్లు మెరవకపోతే మాత్రం పక్కన పెట్టాల్సిందే.

లెక్కపెట్టే మిషన్ల గురించి కూడా. మామూలు మిషన్‌కు ఊదాతీత సెన్సరు, అయస్కాంత సెన్సరు ఉంటాయి. నిమిషానికి వెయ్యి నోట్లు పరిగెడుతుంటే అవి చూసేది సెన్సరు కిందుగా వెళ్లే సన్నని పట్టీని మాత్రమే. కాబట్టి మిషన్ ఆగిందంటే ఆ నోటు చూడమని అర్థం, అది దొంగదని కాదు. ఆగలేదంటే అంతా మంచిదనీ కాదు. మంచి నోట్లకు ఊరికే ఆగుతుంటే తొంభైపాళ్లు దుమ్ము. మిషన్ ఆపి, ప్లగ్గు తీసి, మెత్తటి బ్రష్‌తో లోపలి ధూళి దులిపి, సెన్సరు గాజును పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. వాడకాన్ని బట్టి వారానికోసారి తక్కువ కాకుండా చేయండి. సున్నితత్వం తగ్గించేస్తే ఆగడం మానేస్తుంది, కానీ దానితోపాటు పట్టడమూ మానేస్తుంది. చాలా కౌంటర్లలో జరిగేది అదే. వెయ్యబోయే ముందు కట్టలోంచి పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, టేపు నోట్లు తీసేయండి.

ఇంకోటి, రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన మణి అనే మొబైల్ యాప్‌ను కొంతమంది దొంగనోట్లు పట్టే యాప్ అనుకుంటున్నారు. అది చూపు లేనివాళ్లకు నోటు ఎంతదో పలికి చెప్పేది. అసలుదా నకిలీదా అని అది చెప్పదు.

గల్లాపెట్టె

చాలా ఉపయోగం అండీ. టార్చి మీద 395 అనే రాసుంది. ఆకుపచ్చ గీత, నక్షత్రం విషయం ఎవరైనా చెప్పరూ? అలాగే రెండొందలు, వందల్లో ఏవి మారతాయి?

కాగితం_పిచ్చి

ఆకుపచ్చ గీత కబురు అబద్ధం. గీత గాంధీ బొమ్మకు దగ్గరగా ఉన్నా, సంతకానికి దగ్గరగా ఉన్నా రెండూ చెల్లుతాయని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ కూడా ఖండించింది. దారం కాగితంలో పడే చోటు నోటుకూ నోటుకూ కాస్త అటూ ఇటూ అవుతుంది. చూడాల్సింది దాని రంగు మారడం, దానిమీది అక్షరాలు.

నక్షత్రం కూడా అంతే. అచ్చులో పాడైన నోటు స్థానంలో కట్టలో పెట్టే బదులు నోటుకు మొదటి అక్షరాలకూ అంకెలకూ మధ్య నక్షత్రం వేస్తారు. చిన్న నోట్లకు 2006 నుంచీ ఉంది, ఐదువందలకు 2016 డిసెంబరులో మొదలైంది. ఈ పుకారు ముదిరితే 2023 జూలైలో రిజర్వ్ బ్యాంకు మళ్లీ వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

సంతకాన్ని ఇంకోలా వాడుకోవచ్చు. ఈ బూడిదరంగు ఐదువందల నోటు వచ్చింది 2016 నవంబరులో, ఉర్జిత్ పటేల్ హయాంలో. ఆ తర్వాత 2018 డిసెంబరు నుంచి శక్తికాంత దాస్, 2024 డిసెంబరు నుంచి సంజయ్ మల్హోత్రా. అంతకుముందు గవర్నర్ల సంతకం ఈ నోటు మీద ఉండటానికి వీల్లేదు. వెనకవైపు ఎడమ పక్కన అచ్చయిన సంవత్సరం ఉంటుంది, దానికీ సంతకానికీ పొంతన కుదరాలి. 2017 అని ఉండి శక్తికాంత దాస్ సంతకం ఉంటే ఆ నోటు మీద అనుమానం పెట్టుకోండి. పైన బ్యాంకు పేరు కూడా ఒకసారి చదవండి. పిల్లల బ్యాంకు అనో, వినోదం బ్యాంకు అనో రాసిన బొమ్మ నోట్లు కట్ట మధ్యలో పెట్టి అంటగట్టేవాళ్లున్నారు.

రెండొందల నోటు పసుపు, 146 మిల్లీమీటర్ల పొడవు, అంచుల్లో నాలుగేసి గీతలు, మధ్యలో రెండు వృత్తాలు. దీనికీ కుడి కింద అంకె ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. లావెండర్ వంద 142 మిల్లీమీటర్లు, నాలుగేసి గీతలు, త్రిభుజం గుర్తు. వందకు రంగు మారే అంకె లేదు, దారం మాత్రమే మారుతుంది. ఈ తేడా చెప్పకపోతే మీ కుర్రాళ్లు మంచి వందలన్నీ తిప్పి పంపేస్తారు. పాత పెద్ద వందలు, 157 మిల్లీమీటర్లవి, ఇప్పటికీ చెల్లుతాయి. పాత ఐదువందలు 2016 నవంబరులో రద్దయినవి కాబట్టి అసలువైనా పనికిరావు.

క్యాష్_ఆఫీసర్

నాలుగో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను.

నోటు ఇంకా అవతలివాడి చేతిలోనో, కౌంటర్ మీదో ఉండగా అనుమానం వస్తే చేయాల్సింది ఒక్కటే: వేరే నోటు ఇవ్వండి అని అడగడం. దొంగనోటు అని కేకలేయొద్దు. తెచ్చినవాడికి తెలియకుండానే వచ్చి ఉండవచ్చు. నోటును లాక్కునే అధికారం దుకాణదారుకు లేదు. ఒకేసారి నాలుగైదు అలాంటివి చూపిస్తే, లేదా చిన్న సరుకుకు పెద్ద నోట్లు మార్చుకోవడానికే వచ్చినట్టుంటే మాత్రం పోలీసులకు చెప్పండి.

గల్లాలోకి వచ్చేశాక తేలితే ఆ నోటును ఇంకొకరికి తోసేయకండి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. 2024 జూలై 1 నుంచి ఇవి భారతీయ న్యాయ సంహితలోని 178 నుంచి 182 సెక్షన్ల కిందికి వస్తాయి. దొంగనోటని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి చలామణీ చేస్తే 179 కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది. దగ్గర ఉంచుకోవడం 180 కిందికి వస్తుంది. అయితే అది సక్రమమైన మార్గంలోనే చేతికొచ్చిందని చూపగలిగితే నేరం కాదని అదే సెక్షన్‌లో వివరణ ఉంది. అందుకే బిల్లు, తేదీ, ఎవరి దగ్గర తీసుకున్నారన్న వివరం ఒక చీటీ మీద రాసి, నోటుతో కలిపి కవరులో వేసి ఉంచండి. ఎక్కువమంది తాకనివ్వకండి.

బ్యాంకుకు తెస్తే జరిగేది ఇది. పరీక్షించి నకిలీ అని తేలితే మీ ఎదురుగానే నోటు మీద నకిలీ నోటు అని ముద్ర వేసి స్వాధీనం చేసుకుంటారు. దాని విలువ మీ ఖాతాలో పడదు, నోటు మీకు తిరిగి రాదు. నిర్ణీత ఫారంలో రసీదు ఇవ్వాలి, మీరు సంతకం పెట్టనన్నా సరే ఇవ్వాలి. రసీదు అడిగి తీసుకోండి, చాలామంది చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. పోయిన డబ్బుకు లెక్కల్లో చూపడానికి ఉండే కాగితం అదొక్కటే. ఒక లావాదేవీలో నాలుగు నోట్ల వరకు అయితే బ్యాంకు నెలవారీ నివేదికతో కలిపి పోలీసులకు పంపుతుంది. ఐదూ అంతకు మించి అయితే వెంటనే పోలీసులకు వెళ్తుంది, ఎఫ్ఐఆర్ అవుతుంది. ఎఫ్ఐఆర్ అంటే మీరు దోషులని కాదు, నోట్లు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాల్సి ఉంటుంది.

తిరిగి ఇచ్చేయండి, ఎవరిచ్చారో వాళ్లకే ఇచ్చేస్తాం అని బతిమాలేవాళ్లుంటారు. ఇవ్వడానికి వీల్లేదు. దొరికిన నోటును స్వాధీనం చేసుకోని బ్యాంకు కావాలనే చలామణీకి సాయం చేసినట్టు లెక్క, జరిమానా పడుతుంది.

ఏటీఎంలో వచ్చిందంటే వేరే సంగతి. వంద, ఆపై నోట్లను బ్యాంకులు మిషన్ మీద పరీక్షించాకే తిరిగి బయటికి ఇవ్వాలి. ఏటీఎం నుంచి నకిలీ వస్తే దాన్ని బ్యాంకు చలామణీ చేయబోయినట్టే చూస్తారు. కాకపోతే అది ఆ ఏటీఎంలోంచే వచ్చిందని చూపడం మన పని. పెద్ద మొత్తం తీసినప్పుడు గదిలోనే, కెమెరా ముందే నోట్లు చూసుకోండి. తేడా ఉంటే నోటు ముందూ వెనకా, నంబరు కనిపించేలా అక్కడే కెమెరాకు ఎదురుగా పట్టుకోండి. రసీదు చీటీ పెట్టుకుని, గార్డు ఉంటే రిజిస్టరులో రాయించి, అదేరోజు ఆ బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వండి.

గల్లాపెట్టె

ధన్యవాదాలండీ. చివరిగా ఒకటి. కట్టకట్టుకుని ఇచ్చేవాళ్లవి విప్పి చూడాలా? బ్యాంకు చీటీ ఉంటే?

భూతద్దం

విప్పాలి. చీటీ మీద ముద్ర ఎవడైనా వేయించుకోవచ్చు. కట్టను ఒక అంచున పట్టుకుని వేళ్లతో విసనకర్రలా పరచండి. ముందు చూడాల్సింది అంచుల వరస. పొడవులో పొట్టిగానో పొడుగ్గానో తేలినవి విడిగా కనబడతాయి. తర్వాత కుడి కింది అంకెలన్నీ వరసగా వచ్చేలా సర్ది కట్ట మొత్తాన్ని లైటు కింద ఒకేసారి వాల్చండి. మంచివన్నీ కలిసి నీలానికి తిరుగుతాయి, తిరగనిది ఒక్కటున్నా కంట్లో పడుతుంది. వందల కట్టకు ఈ రెండోది పనిచేయదు, వాటికి దారం కనిపించేలా సర్దుకోవాలి. కొత్త కట్ట అయితే నంబర్లు సాధారణంగా వరసగా ఉంటాయి, మధ్యలో నక్షత్రం నోటు రావచ్చు. పాత నోట్ల కట్టలో నాలుగైదు నంబర్లు వరసగా తగిలితే ఆ నాలుగైదింటినీ బయటికి లాగి ఒక్కొక్కటీ వెలుతురుకు పెట్టండి.